మూడు నెలలకోసారి పడే వడ్డీ

అనంతపురం,
జూన్ నెలాఖరు ఆదివారం

రేయ్ మామా,

బాగుండావా? ఇంట్లో అందరూ ఎట్లుండారు? ఈడ వాన ఇంకా సరిగ్గా పడలేదు. మా చిన్నాయన బుడ్డల ఇత్తనం ఇంట్లో పెట్టుకోని మబ్బులకల్లా చూస్తాండాడు.

మొన్న ఫోన్లో "ఫారం 16 వచ్చేసింది, ఇంక రిటర్న్ వేసేయడమే" అంటివి. ఫారం 16 అంటే ఆఫీసోళ్లు ఇచ్చే జీతం, పన్ను లెక్క గదా, బ్యాంకు వడ్డీ సంగతో? ఆ మాట నాకు మనసులో నిలబడిపోయింది. పోయినేడు నేనూ వడ్డీ చూసుకోకుండా అట్లే ఆదాయపన్ను రిటర్న్ వేసేసినా. కొన్నాళ్లకు మెసేజ్ వచ్చె, బ్యాంకులు చెప్పిన వడ్డీకీ నేను చూపించిందానికీ తేడా ఉందని. ఏఐఎస్ (మన ఆదాయాల గురించి పన్ను శాఖ దగ్గరుండే లెక్క) తెరిస్తే నా పాన్ మీద మూడు ఖాతాలు! ఒకటి కాలేజీలో ఉన్నప్పుడు సప్తగిరి సర్కిల్ దగ్గర తెరిచింది.

ఆ రేతిరి పాసుబుక్కులన్నీ నేలమీద పరుచుకోని కూర్చుంటి. మసకబారిన ఆ పాత ఖాతా పుస్తకంలో, మూడు నెలలకోసారి 187, 203, 196, 226. మొత్తం 812 రూపాయలు. సేవింగ్స్ వడ్డీకి బ్యాంకు టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, పట్టుకోదు గదా, అందుకే అది మన కంట పడదు. డిసెంబర్ 31 లోపల రివైజ్డ్ రిటర్న్ (సరిదిద్దిన రిటర్న్) వేసి సరిచేసుకున్యా.

నువ్వు పన్ను కట్టేది పాత పద్ధతిలో (ఓల్డ్ రెజీమ్) అయితే సేవింగ్స్ వడ్డీని ముందు ఇతర ఆదాయంలో కలిపి, 80టీటీఏ అనే సెక్షన్ కింద 10,000 దాకా తీసేసుకోవచ్చు. కొత్త పద్ధతిలో ఆ మినహాయింపు లేదు. ఇంకోటి, ఐదేండ్ల ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) అయితే దుడ్లు చివర్లో చేతికొచ్చినా, బ్యాంకు వడ్డీ లెక్క ఏటా పంపుతాది. నువ్వూ ఏటా చూపించుకుంటే తేడా రాదు.

మీ నాయన సంగతి నాకు ఎక్కువ బెంగగా ఉంది. పింఛను దుడ్లన్నీ ఎఫ్‌డీల్లోనే పెట్టినాడు గదా. 60 దాటినోళ్లకు పాత పద్ధతిలో 80టీటీబీ సెక్షన్ కింద 50,000 దాకా మినహాయింపు ఉంటాది, ఎఫ్‌డీ వడ్డీతో కలిపి. ఆయనకు పన్ను పడేంత ఆదాయం లేకుంటే టీడీఎస్ పట్టుకోవద్దని రాసిచ్చే ఫారం (15హెచ్ అనేటోళ్లు) ఇప్పుడే బ్యాంకులో ఇప్పించు, ఏటా కొత్తగా ఇయ్యాల. మా నాయనకు నేను చెప్పక, ఆయన ఇయ్యక, టీడీఎస్ పట్టేసినారు. మందులకని పెట్టుకున్న వడ్డీ అది. రిటర్న్ వేసి రీఫండ్ వచ్చేదాకా ఆయన ఏమీ అనలేదు గానీ, పొద్దున్నే పాసుబుక్కు తీసి చూసుకునేటోడు. అది నేను చూడలేకపోతి.

ఈ వారంలోనే నీవీ, మీ నాయనవీ పాసుబుక్కులన్నీ ప్రింట్ వేయించు. ఏఐఎస్‌తో పక్కపక్కన పెట్టి చూసుకో. వచ్చే ఆదివారం ఇంటికి తీసుకోని రా, ఉగ్గాని బజ్జీ చేపిస్తా, కూర్చోని లెక్క చూద్దాం.

నీ
మామ