ఒక్క మార్కుకే సెక్షన్ మారుస్తారా?

సంపాదకులకు,

నెల్లూరు, ఒంగోలు విద్యాసంస్థల్లో వారాంతపు పరీక్ష మార్కులు చూసి పిల్లల సెక్షన్లు మార్చడం అన్యాయం. ఏ పరీక్షలోనైనా కొలత దోషం, అంటే వచ్చిన మార్కుకూ అసలు స్థాయికీ మధ్య తేడా, ఉంటుంది. దాన్ని లెక్కకట్టవచ్చు: 1 లోంచి విశ్వసనీయత గుణకాన్ని (మళ్లీ పరీక్ష పెడితే మార్కులు ఎంత నిలకడగా ఉంటాయో 0 నుంచి 1 వరకు చెప్పే అంకె) తీసేసి, మిగిలినదాని వర్గమూలాన్ని మార్కుల ప్రామాణిక విచలనంతో (అందరి మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) గుణించాలి. విచలనం 10, విశ్వసనీయత 0.84 అయితే దోషం 4 మార్కులు. 62 వచ్చిన బిడ్డ అసలు స్థాయి 58–66 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, ఆ మాటకొస్తే బయటా ఉండొచ్చు. ఇద్దరిని పోల్చేటప్పుడు తేడాలోని దోషం సుమారు 5.7కు పెరుగుతుంది. అదే తరహా ప్రశ్నలను సగానికి తగ్గిస్తే విశ్వసనీయత 0.84 కాస్తా దాదాపు 0.72కు పడిపోతుంది. చిన్న స్లిప్ టెస్టులతో వచ్చే చిక్కు ఇదే. యాజమాన్యాలు కనీసం నాలుగు పరీక్షల సగటు చూడాలి, మార్కు పక్కనే దోషాన్నీ అచ్చువేయాలి.

— గణాంకశాస్త్ర అధ్యాపకులు, ఒంగోలు