వంకర ముక్కులు, తెగిన వేళ్లు: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం, అది చూసుకోండి. ఈ ఏడాది మన పనంతా దాదాపు ఒక్క విషయం చుట్టూనే, అంటే ముక్కు వంకరపోయిన, వేళ్లు తెగిన పక్షుల చుట్టూనే తిరిగింది కాబట్టి నేను దాని గురించే రాస్తాను.

మొదలైంది ఒక కాకితో. పైముక్కు కొడవలిలా పెరిగి, కింది ముక్కును దాటి ఎడమ పక్కకి వంగిపోయింది. చూడగానే చాలామంది పట్టుకుని కత్తిరిద్దామన్నారు, అంత జాలి వేసింది మరి. ముందు రెండు వారాలు దూరం నుంచి చూద్దామని కొందరం పట్టుబట్టాం. తీరా చూస్తే అది తలని పూర్తిగా పక్కకి వాల్చి, ముక్కు అంచుతో గరిటెతో తోడినట్టు తోడుకుని తింటోంది. గట్టివాటి జోలికే పోదు. తిండి సరే, అసలు కష్టం ఈకల దగ్గర. ముక్కు కొనలు రెండూ కలిస్తేనే పేను చిక్కుతుంది, ఈక సర్దుకుంటుంది. దీనికి కలవవు, అందుకే మెడ కింద ఈకలు అట్టకట్టాయి.

పక్షి ముక్కు పైపొర మన గోళ్లలాగే కెరటిన్ అనే గట్టి పదార్థం, బతికినన్నాళ్లూ పెరుగుతూ అరుగుతూ ఉంటుంది. లోపల ఎముక, రక్తనాళాలు ఉంటాయి కాబట్టి తెలియకుండా కత్తిరిస్తే రక్తం కారుతుంది, జాగ్రత్తగా కత్తిరించినా కారణం పోకపోతే మళ్లీ పెరుగుతుంది. అలాస్కాలో 1990ల చివర చికడీ అనే చిన్న పిట్టల్లో, తర్వాత అక్కడి కాకుల్లో ఇలాంటి ముక్కులు చాలా కనిపించాయి, 2016లో పరిశోధకులు చికడీల్లో దీనితో ముడిపడిన ఒక కొత్త వైరస్‌ని గుర్తించారు. అలాగని ప్రతి వంకర ముక్కూ వైరస్ వల్లే అనుకోవద్దు. దెబ్బ కావచ్చు, తిండిలో లోపం కావచ్చు, విషం కావచ్చు. కాలిఫోర్నియాలోని కెస్టర్‌సన్ రిజర్వాయర్‌లో పొలాల మురుగు నీటితో వచ్చిన సెలీనియం అనే మూలకం వల్ల కళ్లు, కాళ్లు లేని పక్షి పిల్లలు 1983లో బయటపడ్డాయి. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పావురాల సంగతి వేరు. వాటి వేళ్లు ఎక్కువగా తెగేది దారాలు, వెంట్రుకలు చుట్టుకుని బిగుసుకోవడం వల్ల. పారిస్‌లో 2019లో వచ్చిన అధ్యయనంలో సెలూన్లు ఎక్కువున్న చోట్ల వేళ్లు పోయిన పావురాలూ ఎక్కువ కనిపించాయి. అందుకే ఆదివారాలు మనం దారాలు ఏరే పని పెట్టుకున్నాం. మనం పట్టిన ఒక పావురానికి పశువైద్యులు భూతద్దం పెట్టి మరీ దారం తీశారు, ఒక వేలు అప్పటికే నల్లబడి ఎండిపోయింది, పక్క రెండూ దక్కాయి. మూడో రోజు వదిలితే గోడ మీద వాలి, కాస్త తూలి, నిలదొక్కుకుంది.

దాంతో ఒక పద్ధతికి వచ్చాం: దారం ఇంకా కాలికే ఉంటే, లేదా పక్షి ఎగరలేకపోతే వెంటనే ఫోన్ చేయండి. వేలు పోయి గాయం మానిపోయిన పక్షిని, తన తిండి తాను వెతుక్కుంటున్న పక్షిని మాత్రం పట్టకండి, ఆ టెన్షన్‌కే అది చచ్చిపోవచ్చు. పక్షులకి పెట్టే నీళ్ల గిన్నెలు రోజూ కడగండి. ముక్కు ఫొటో పక్క నుంచి తీసి, తేదీ రాసి పంపండి.

ఆ వంకర ముక్కు కాకి చివరిసారి కనబడి ఇవాళ్టికి పదకొండు రోజులైంది. ఎవరికైనా కనిపిస్తే, రాత్రైనా సరే, చెప్పండి.