యర్రగుంట్ల: బండ మీద నిలిచిన ఊరు (సంఘ సభ్యులకు వార్షిక నివేదిక)

సంఘ సభ్యులందరికీ నమస్కారాలు. ఈ ఏడాది మన సంఘం చేపట్టిన పనులు ఎక్కువగా ఊరికి అన్నం పెడుతున్న బండకు, ఆ బండను కోసి నునుపు చేసేవారి ఆరోగ్యానికి సంబంధించినవి. అందుచేత పనుల వివరాలకంటే ముందు ఊరి స్వరూపాన్ని రాయవలసి వచ్చింది.

యర్రగుంట్ల ముంబై–చెన్నై రైలుమార్గంలో, పెన్నా నదికి దక్షిణాన ఉంది. కడప జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లే కాబట్టి, వాన మీదే ఆధారపడి నల్లరేగడిలో బుడ్డశనగ వేసే రైతుకు అదను తప్పితే ఆ ఏటి పంట దక్కదు. ఆ రేగడి కింద పొరలు పొరలుగా ఉన్న రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అంటారు. మనకు అది నాపరాయి. పొర వెంబడి పలకలుగా చీలుతుంది గనుక ఇంటి నేలకు బండ అయింది, సున్నం శాతం ఎక్కువ గనుక సిమెంటుకు ముడిసరుకు అయింది. చిలమకూరు, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడ వెలియడానికి కారణం ఇదే.

మన మండలంలోని కలమళ్ళలో ఉన్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1994లో మొదలై, నేడు మొత్తం సామర్థ్యం 1,650 మెగావాట్లకు చేరింది. అక్కడి బూడిద సిమెంటులోకి, ఇటుకల్లోకి పోతోంది. ఆ కలమళ్ళలోనే క్రీ.శ. 575 నాటి, ఈ ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల శాసనం ఉన్నదనీ, మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా పండితులు దాన్నే చెబుతారనీ మన పిల్లల్లో చాలామందికి తెలియదు. వారిని అక్కడికి తీసుకువెళ్లి చూపించడం ఈ ఏడాది మనకు మిక్కిలి తృప్తినిచ్చిన పని.

ఒకప్పుడు ప్రొద్దుటూరు వెళ్లేవారు రైలు దిగవలసింది మన స్టేషనులోనే. 123 కిలోమీటర్ల యర్రగుంట్ల–నంద్యాల రైలుమార్గం 2016లో పూర్తయ్యాక ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకూ రైలు వచ్చింది, మన స్టేషను జంక్షన్ అయింది.

2011 జనగణన ప్రకారం పట్టణ జనాభా 32 వేల పైచిలుకు. 2021లో జరగవలసిన లెక్క వాయిదా పడింది. ఆ తరువాత పనికోసం వచ్చి అద్దె ఇళ్లలో, షెడ్లలో ఉంటున్న కుటుంబాలు ఏ లెక్కలోనూ లేవు. నీళ్ల గురించి, మురుగుకాలువల గురించి మాట్లాడేటప్పుడు వారినీ కలుపుకోవాలని మన సంఘం అభిప్రాయం.

ఇక బండల ఫ్యాక్టరీల సంగతి. నీళ్లు వదులుతూ కోస్తే పొడి లేవదు, తెల్ల బురదగా కారిపోతుంది. నీళ్లు లేకుండా అంచులు కోసేచోట మాత్రం మనిషికి మనిషి కనబడడు. మన సభ్యులు వెళ్లిన రోజు ఒకచోట ఒక తల్లి కోసిన బండలను గోడకు నిలువుగా పేరుస్తూ, పైట చెంగును ముక్కుకు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. పొడి, చెమట కలిసి మధ్యాహ్నానికే ఆ చెంగు అట్టలా బిగుసుకుపోయింది. గుడ్డ ఎన్ని చుట్లు చుట్టినా సన్నని పొడి ఆగదు. సిలికా కలిసిన రాతి పొడిని ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, వచ్చాక దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. కాబట్టి నీళ్లతోనే కోయాలనీ, పొడిని ఆపగల మాస్కులు యజమానులే ఇవ్వాలనీ ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకీ తిరిగి అడిగాం. కొందరు ఒప్పుకుని ఆచరణలో పెట్టారు. కొందరు ఖర్చు గురించి చెప్పారు. చిన్న షెడ్డు నడుపుకునేవారి ఇబ్బంది మనకు తెలియనిది కాదు, అయినా ఊపిరితిత్తుల విషయంలో వాయిదా కుదరదని వారికి స్పష్టంగా చెప్పాం.

బురద సంగతి ఇంకా తేలలేదు. వానాకాలంలో ఒక ఫ్యాక్టరీ బురద కాలువలోకి చేరి, నీరు వెనక్కి తన్ని ఇళ్లలోకి వచ్చింది. యువ సభ్యులు రెండు రోజులు పారలతో ఎత్తి కాలువ తెరిచారు. ఎండాకాలంలో అదే బురద ఎండి, లారీలు పోయినప్పుడల్లా దుమ్మై లేస్తోంది. రోడ్డు పక్క పొలంలో పడితే మట్టి మీద పొరకట్టి నీటిని ఇంకనివ్వదు. ప్రతి ఫ్యాక్టరీలో బురద పేరుకునే తొట్టి కట్టించి, పైకి తేరిన నీటిని మళ్లీ వాడుకుంటే నీళ్లూ మిగులుతాయి. ఊరి బయట బురద పోసే స్థలం కోసం అర్జీ ఇచ్చాం, స్థలం ఇంకా ఖరారు కాలేదు.

జమాఖర్చుల పట్టీని సంఘ కార్యాలయంలో అంటించాం, సభ్యులు చూసుకోవచ్చు. బండల పనిలో పదేళ్లు దాటినవారు మీ ఇంట్లో గానీ వీధిలో గానీ ఉంటే, ఊపిరితిత్తుల పరీక్షకు పంపడానికి వారి పేర్లను వచ్చే సర్వసభ్య సమావేశంలోపు కార్యదర్శికి అందజేయండి.