వాపు జబ్బుకి యాంటీబయాటిక్ ఎందుకని అడిగావు కదా

ఒరేయ్ రాంబాబూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి ఆలోచన వచ్చింది, అందుకే ఫోన్ చేయకుండా కూర్చుని రాస్తున్నాను. నువ్వడిగింది న్యాయమైన ప్రశ్నే. "నీ క్రోన్స్ జబ్బంటే ఇన్ఫెక్షన్ కాదు, మన రోగనిరోధక శక్తే మన పేగుల మీద పడటం అని నువ్వే చెప్పావు, మరి ఆ డాక్టరు మెట్రోనిడజోల్, సిప్రో లాంటి యాంటీబయాటిక్‌లు రాయడమేంటి, మోషన్స్ అని నా షాపుకి వచ్చే ప్రతివాడూ అడిగే మాత్రలే కదా అవి" అన్నావు. వెంటనే ఇంకో మాట కూడా అన్నావు, "పనిచేస్తే చెప్పు, నెలనెలా ఓ బాక్సు కొరియర్ చేసేస్తా" అని. మొదటిదానికి పొడుగు జవాబు ఉంది. రెండోదానికి పొట్టిది: వద్దు.

ముందు జరిగిందేంటో చెబుతాను. ఫోన్లో అయితే నీ పక్కన మా అమ్మ కూర్చుని ఉందేమోనని సగం మింగేశాను. వర్షాలు మొదలైన దగ్గర్నుంచి కూర్చుంటే ఒక పక్క సలుపు. ఆఫీసులో అందరూ కలిసి పైల్స్ అని తేల్చేశారు, ఒకడైతే జాలిపడి కుర్చీలో వేసుకునే గాలి దిండు కూడా తెచ్చిచ్చాడు. మామూలుగా నా భయమంతా టాయిలెట్ గురించే కదా, ఈ బెంగళూరులో మారతహళ్ళి నుంచి సిల్క్ బోర్డు దాకా రింగ్ రోడ్డు మీద పెట్రోలు బంకులు ఎక్కడెక్కడున్నాయో నాకు నోటికొచ్చు. ఈసారి అది కాదు, బస్సులో సీటు దొరికినా నిలబడే వెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాత చలిజ్వరం పట్టుకుంది. ఎమ్మారై తీస్తే మలద్వారం పక్కన చీముగడ్డ, దాన్నుంచి చర్మం దాకా ఓ సన్నటి దారి. ఫిస్టులా రా, మీ నాన్నగారు భగందరం అనేది. క్రోన్స్ ఉన్నవాళ్ళలో ఇది అరుదేమీ కాదు, ఎందుకంటే ఈ జబ్బులో పుండు పేగు లోపలి పొర దగ్గర ఆగదు, గోడ మందమంతా తినుకుంటూ అవతలికి దారి చేసుకుంటుంది.

మత్తిచ్చి చీము తీసేసి, ఆ దారిలోంచి ఓ దారం వేసి వదులుగా ముడేశారు. సీటన్ అంటారు. అది ఉన్నంతకాలం పై రంధ్రం మూసుకుపోదు, లోపల చీము మళ్ళీ పోగుపడదు. మీ నాన్నగారు క్షారసూత్రం, అదే ఆయుర్వేదంలో మందు పూసిన దారం, వేయించమన్నారని చెప్పావు కదా, ఆ మాట సర్జన్‌ని అడిగేశాను. క్రోన్స్ ఉన్నచోట కోసుకుంటూ పోయే దారం వేస్తే గాయం సరిగ్గా మానదనీ, మలాన్ని ఆపుకునే కండరం దెబ్బతినే ప్రమాదం ఉందనీ, అందుకే వదులు దారమే వేస్తామనీ అన్నాడు. మీ నాన్నగారు నొచ్చుకోకుండా నువ్వే చెప్పు ఈ సంగతి.

ఇక మందుల విషయం. క్రోన్స్ ఇన్ఫెక్షన్ కాదు, నిజమే. కానీ సూక్ష్మజీవులకి దీంతో సంబంధం లేదనుకుంటే పొరపాటు. బెల్జియంలో ల్యూవెన్ అనే ఊరి డాక్టర్లు 1991లో ఒక సంగతి రాశారు. జబ్బు పట్టిన పేగు ముక్క కోసేసి, అతికించిన చోటికి మలం రాకుండా పై నుంచే పక్కదారి పట్టించినంత కాలం అక్కడ కొత్త పుళ్ళు రాలేదు, మళ్ళీ మలం పారడం మొదలుపెట్టాక జబ్బు తిరిగొచ్చింది. అంటే పేగులో పారేదానిలో ఏదో ఉంది, మన ఒళ్ళు దానిమీదే మండిపడుతోంది. 2001లో ఈ జబ్బుకి సంబంధించి మొట్టమొదట దొరికిన జన్యువు, నాడ్-2 అని, అది చేసే పని కూడా బ్యాక్టీరియా ముక్కల్ని పసిగట్టడమే. కాబట్టి బ్యాక్టీరియాని తగ్గిస్తే వాపు తగ్గుతుందేమో అని డాక్టర్లకి ఆశ పుట్టడంలో వింతేమీ లేదు.

ఆ ఆశ ఎంతవరకు నిలబడిందన్నదే అసలు కథ, నువ్వు శ్రద్ధగా చదవాల్సింది ఇక్కడే. 1980లో అమెరికాలో కొందరు డాక్టర్లు నాలాంటి ఫిస్టులా వాళ్ళకి మెట్రోనిడజోల్ ఇస్తే చీము, నొప్పి బాగా తగ్గాయి. కానీ తర్వాత డోసు తగ్గించేసరికి మళ్ళీ మొదలు. 1995లో ఆ ల్యూవెన్ వాళ్ళే, ఆపరేషన్ అయినవాళ్ళకి మూడు నెలలు ఇదే మందిచ్చారు. మొదటి ఏడాది తేడా కనబడింది, ఆ తర్వాత కనబడకుండా పోయింది. 2014లో నెదర్లాండ్స్ వాళ్ళ ప్రయోగం ఇంకా స్పష్టంగా ఉంది. ఫిస్టులా ఉన్న అందరికీ అడాలిముమాబ్ అని, రోగనిరోధక శక్తి దూకుడు తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చారు, అందులో సగంమందికి దాంతోపాటు 12 వారాలు సిప్రో కలిపారు. 12 వారాలప్పుడు చూస్తే సిప్రో కలిపినవాళ్ళలో 71 శాతం మందికి గుణం, కలపనివాళ్ళలో 47 శాతమే. 24 వారాలకి చూస్తే ఇద్దరికీ తేడా లేదు!

చూశావా, ప్రతిసారీ అదే తంతు. మాత్ర వేసుకున్నంతసేపూ పనిచేస్తుంది, నిజంగానే పనిచేస్తుంది, ఆపాక మాత్రం నిలబడదు.

పశువుల్లో జోన్స్ వ్యాధి అని ఒకటుంది, విన్నావా? గేదెలు, ఆవులు విరేచనాలతో చిక్కిపోతాయి, టీబీ జాతి సూక్ష్మజీవి దానికి కారణం. క్రోన్స్‌కీ అదే మూలమని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆస్ట్రేలియాలో 213 మందిని తీసుకుని, ఆ సూక్ష్మజీవిని చంపే మూడు మందులు రెండేళ్ళు ఇచ్చి చూసి 2007లో ఫలితం ప్రకటించారు. మొదటి నాలుగు నెలల్లో కొంత మేలు, దీర్ఘకాలంలో చెప్పుకోదగ్గదేం లేదు. నాకైతే ఆ వాదన వినడానికి భలే ఉంటుంది, ఒక పురుగు, దానికో మందు, పీడా పోయె అని. జబ్బు మాత్రం అంత సూటిగా లేదు.

అందుకే ఇప్పుడు డాక్టర్లు ఉత్త పేగు వాపుకి యాంటీబయాటిక్‌ని అసలు మందుగా రాయరు. చీముగడ్డ ఉంటే, ఫిస్టులా కారుతుంటే, ఆపరేషన్ తర్వాత కొందరికి, అంతే. నాకు రాసింది చీము కోసం. అదీ చీము తీశాకే, గడ్డని అలాగే ఉంచి మాత్రలతో కరిగిద్దామంటే కుదరదు. వాపుకని నేను వేసుకుంటున్న స్టెరాయిడ్ కూడా అందుకే తగ్గించుకుంటూ వస్తున్నారు, లోపల చీము పెట్టుకుని స్టెరాయిడ్ వేసుకుంటే ఇన్ఫెక్షన్ పాకుతుంది.

ఈ మాత్రలు వేసుకోవడం ఎంత సుఖంగా ఉందో కూడా విను. మెట్రోనిడజోల్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి నోట్లో చిల్లర నాణెం చప్పరిస్తున్నట్టు ఉంటోంది, మీ అమ్మగారు పంపిన గోంగూర కూడా ఆ రుచి ముందు ఓడిపోయింది. మద్యం ముట్టకూడదు, మాత్రలు ఆపాక కూడా రెండుమూడు రోజులు ముట్టకూడదు, లేకపోతే వాంతులు, గుండెదడ. టీమ్ పార్టీలో అందరూ బీర్లు పట్టుకుంటే నేను నిమ్మరసం పట్టుకుని కూర్చున్నాను. అన్నిటికంటే ముఖ్యమైనది వేళ్ళ చివర తిమ్మిరి. ఎక్కువ కాలం వాడితే నరాలు దెబ్బతింటాయి, ఒక్కోసారి ఆపాక కూడా పూర్తిగా పోదు. అందుకని చెయ్యో కాలో జిల్లుమంటే వెంటనే ఫోన్ చేయమన్నారు.

సిప్రోది ఇంకో గోల. మా ఇంటి ఓనరు ఆంటీకి నేనంటే అభిమానం, కనబడితే చాలు "ఊట ఆయ్తా" (భోజనం అయిందా) అంటుంది. కడుపు బాగాలేదనగానే రోజూ పొద్దున్నే గ్లాసుడు మజ్జిగ పట్టుకొస్తోంది. మజ్జిగ మంచిదే కానీ సిప్రోతో కలిపి తాగకూడదు, అందులో కాల్షియం మందుని పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. రక్తం తక్కువుందని ఇచ్చిన ఐరన్ మాత్రతోనూ అదే తంటా. సిప్రో వేసుకున్నాక కనీసం రెండు గంటలు ఆగి ఐరన్ వేసుకోవాలి, ఐరన్ ముందు వేసుకుంటే మాత్రం ఆరు గంటలు ఆగాలి. ఆంటీకి ఇదంతా కన్నడలో చెప్పలేక, గ్లాసు తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టి మధ్యాహ్నం తాగుతున్నాను. కాఫీ సంగతి నాకూ ఇంతకుముందు తెలియదు, సిప్రో ఉన్నప్పుడు కెఫీన్ ఒంట్లోంచి తొందరగా పోదట. ఈ ఊళ్ళో ఫిల్టర్ కాఫీ మానమంటే ఎలా రా? బై-టూ చేసుకుని సగం కప్పుతో సరిపెట్టుకుంటున్నాను. మడమ వెనక నరం పట్టేసినట్టుంటే నడక ఆపి ఫోన్ చేయమన్నారు, స్టెరాయిడ్ కూడా వాడేవాళ్ళకి అక్కడి స్నాయువు తెగే ప్రమాదం ఎక్కువ.

ఇప్పుడు నీ బాక్సు సంగతి. నేను నమ్మకం లేక వద్దనడం లేదు, ఆ మాత్రలే నన్ను జ్వరంలోంచి లేపాయి. కానీ రేపు మోషన్స్ ఎక్కువైతే అది ఏ మోషనో నాకెలా తెలుస్తుంది? క్రోన్స్ తిరగబెట్టి ఉండొచ్చు. లేదా ఈ యాంటీబయాటిక్‌ల వల్లే, మంచి బ్యాక్టీరియా చచ్చి, సి. డిఫిసిల్ అనే చెడ్డ బ్యాక్టీరియా పెరిగి ఉండొచ్చు. రెండూ పైకి ఒకేలా ఉంటాయి, మలం పరీక్ష చేస్తే తప్ప తేలదు, మందులు పూర్తిగా వేరు. నీ కొరియర్ అందుకుని నాలుగు మాత్రలు మింగితే రెండోది ఇంకా ముదురుతుంది. మన దేశంలో ఇంకో చిక్కుంది, పేగుల టీబీ అచ్చం క్రోన్స్ లాగే కనబడుతుంది. నాకు మొదట గుంటూరులో టీబీ మందులే మొదలుపెట్టారు గుర్తుందా, పుళ్ళు మానకపోతేనే క్రోన్స్ వైపు తిరిగారు. సిప్రో రకం మందులు టీబీ క్రిమిని కాస్త అణుస్తాయి, పూర్తిగా చంపవు, దాంతో టీబీ ఉన్నా పరీక్షల్లో దొరక్కుండా ఆలస్యమవుతుంది. నీ షాపులో వారాలకొద్దీ దగ్గుతూ వచ్చినవాడికి కూడా ఇది పనికొస్తుంది, స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉన్నది చీటీ లేకుండా తెంపి ఇవ్వకు. తిట్టుకో, పర్లేదు.

చీము పూర్తిగా పోయిందని మళ్ళీ ఎమ్మారైలో తేలితే అడాలిముమాబ్ మొదలుపెడతారు. 2014 డిసెంబరు నుంచి మన దేశంలో తయారైనదే దొరుకుతోంది, కాబట్టి అమ్మ ఊహించుకున్నంత ఖర్చేమీ కాదని ఆమెకు చెప్పు. ఆ మందు నిద్రపోతున్న టీబీని లేపుతుంది, అందుకే ముందుగా ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయిస్తున్నారు. పాత బయాప్సీని, అంటే పరీక్షకని తీసిన పేగు ముక్కని కూడా మళ్ళీ ఇక్కడి ఆసుపత్రి పాథాలజిస్టు స్వయంగా చూస్తానంటున్నాడు. కాబట్టి నువ్వు నిజంగా ఏదైనా పంపాలనుకుంటే, గుంటూరు వెళ్ళి ఆ ల్యాబులో నా స్లయిడ్లు, ఆ ముక్కల్ని దాచిన మైనపు బ్లాకులు రెండూ అడిగి తీసుకో. రిపోర్టు కాగితం ఇచ్చి పంపేస్తామంటారు, అది చాలదు, బ్లాకులే కావాలను. నా సంతకంతో లెటరు, ఆధార్ కాపీ వాట్సాప్‌లో పెడుతున్నాను. ఎండకి మైనం కరుగుతుంది, బస్సు డిక్కీలో వేయకుండా ఎవరైనా వస్తుంటే చేతికిచ్చి పంపు.

ఉంటాను మరి,
సుబ్బు