నా ఉత్తరం చదివి తిరిగిచ్చేసిన అక్కకు, మిగతా అందరికీ కృతజ్ఞతలు

అందరికీ వందనాలు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక నేను లేచి చెప్పింది మీలో చాలామంది విన్నారు, విననివాళ్లకి కూడా ఈపాటికి తెలిసే ఉంటుంది, కాబట్టి దాచేదేమీ లేదు. సంఘం సహాయ నిధి లెక్కలు ఇన్నాళ్లూ చూసింది నేనే. నేను ఎంతో గౌరవించే ఒక పెద్దాయన వారంలో ఇచ్చేస్తానని చేబదులు అడిగితే, కాదంటే ఏమనుకుంటారో అని నిధిలోంచి తీసి ఇచ్చాను. వారం కాస్తా నెలలయింది. అడగడానికి మొహమాటం. ఏడాది చివర లెక్క తేలాలి కదా, ఒక దొంగ వోచర్ రాసి సంతకం పెట్టేశాను. ఆయన పేరు చెప్పమని కొందరు అడుగుతున్నారు. చెప్పను. ఆ సంగతి పాస్టర్ గారు చూసుకుంటున్నారు, సంతకం మాత్రం నాది.

ఇందులో నాకు నిద్ర లేకుండా చేసింది ఆ వోచర్ కాదు. అదే రోజుల్లో ఒక చెల్లెమ్మ ఆసుపత్రి ఖర్చులకి సాయం అడిగితే "నిధిలో అంత లేదమ్మా, ప్రార్థన చేస్తాను" అని పంపేశాను. చేశాను కూడా! యువకుల కూటంలో బైబిల్లోని గలతీయులకు 1:10 కంఠతా పెట్టించింది కూడా నేనే, మనుషుల్ని సంతోషపెట్టేవాడు క్రీస్తు దాసుడు కాలేడని.

చివరికి ఒప్పుకుందామని మూడు పేజీల ఉత్తరం రాసి, సండే స్కూల్ చూసే అక్కకి చూపించాను. ఓదారుస్తుందని అనుకున్నాను, నిజం చెప్పాలంటే అందుకే తీసుకెళ్లాను. ఆవిడ రెండుసార్లు చదివి "తమ్ముడూ, పాపం చేశానని ఇందులో ఒక్కచోట ఉంది, నన్ను అపార్థం చేసుకోవద్దని ఐదు చోట్ల ఉంది" అని తిరిగిచ్చేసింది. మొదటి సమూయేలు 15వ అధ్యాయం చదవమంది. సౌలు రాజు కూడా తన పాపం ఒప్పుకున్నాడు, జనానికి భయపడి వాళ్ల మాట విన్నానని, కానీ ఆ వెంటనే పెద్దల ముందు నా పరువు నిలబెట్టమని సమూయేలు ప్రవక్తను బతిమాలాడు. అదే నాతాను ప్రవక్త నిలదీసినప్పుడు దావీదు రాజు అన్నది ఒక్క ముక్క, యెహోవాకు విరోధంగా పాపం చేశానని. నేను మారుమనస్సు అనుకున్నది మళ్లీ అదే పాత జబ్బు, ఈసారి మెప్పించాల్సినవాళ్లు మాత్రం ఎక్కువమంది. అక్కా, ఆ రోజు మీ మీద చాలా కోపం వచ్చింది, ఇప్పుడు మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

పాస్టర్ గారు "పర్లేదులే" అనలేదు, అందుకు ఆయనకు కృతజ్ఞతలు. బైబిల్లో అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్న జక్కయ్యలా నేనూ నాలుగింతలు ఇస్తానని అందరి ముందు చెప్తానంటే నవ్వి "ఆయనతో నీకు పోటీ ఎందుకు, సంఖ్యాకాండం 5:7 చూడు, తీసింది మొత్తం కట్టు, ఐదో వంతు కలుపు" అన్నారు. కట్టేశాను. నా భార్య ఆ డబ్బు సర్దడానికి ఒక్క మాట కూడా అనలేదు, చెల్లెమ్మ ఇంటికి కూడా నాతో వచ్చింది.

ఆ చెల్లెమ్మ అంతా విని "క్షమించానని ఈరోజు చెప్పలేను అన్నయ్యా" అంది. పాత నేనైతే ఆ మాట ఆమె నోట అనిపించేదాకా అక్కడే కూర్చునేవాణ్ణి. లేచి వచ్చేశాం. చెల్లెమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు నీకూ కృతజ్ఞతలు, మళ్లీ ఆ మాట అడిగి నిన్ను ఇబ్బంది పెట్టను.

ఇకపై లెక్కలు ఇద్దరు చూస్తారు, ప్రతి వోచర్ మీద రెండు సంతకాలు ఉంటాయి. పాత పుస్తకాల్లో ఏది అర్థం కాకపోయినా నాకు ఫోన్ చేయండి, వచ్చి దగ్గర కూర్చుని చెప్తాను.