తూటాల మీద నెపం వద్దు, మీ క్రోనోగ్రాఫ్ సంగతి చూడండి

కస్టమర్ సపోర్ట్ వారికి,

మీ ఆప్టికల్ క్రోనోగ్రాఫ్ (కాంతి సెన్సర్లతో బుల్లెట్ వేగం కొలిచే మెషిన్) తప్పుడు వేగం చూపిస్తోందని నేను రాస్తే, "మీ తూటాల లాట్‌లో (ఒకేసారి తయారైన సరుకులో) తేడా ఉండొచ్చు, వేరే బాక్స్‌తో చూడండి" అని ఒక్క లైన్ రాసి టికెట్ మూసేశారు. నేను పంపిన రీడింగులు ఎవరైనా తెరిచి చూశారా? చూసి ఉంటే ఆ జవాబు వచ్చేది కాదు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను, దీన్ని మెషిన్ లోపలి సంగతి తెలిసిన ఇంజనీరుకే పంపండి.

నా పిస్టల్ .45 ఏసీపీ అనే సైజు తూటాలది, బ్యారెల్ నాలుగుంపావు అంగుళాలు. ఫ్యాక్టరీ తూటాలు, 230 గ్రెయిన్ల (సుమారు 15 గ్రాముల) బుల్లెట్, బాక్స్ మీద సెకనుకు 850 అడుగులు అని ఉంది. సామీ (తూటాలకి ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) ప్రకారం ఈ క్యాలిబర్‌కి టెస్ట్ బ్యారెల్ 5 అంగుళాలు, అంటే నా పొట్టి బ్యారెల్‌లో అంతకంటే కాస్త తక్కువే రావాలి. కొన్ని షాట్లకి మీ మెషిన్ 815 నుంచి 840 దాకా చూపించింది, బాగానే ఉంది. మిగతా వాటికి 1118, 1127, 1131! అదే బాక్స్, అదే మ్యాగజైన్. మధ్యలో 900 లేదు, 1000 లేదు. లాట్‌లో తేడా ఉంటే రీడింగులు సగటుకి అటూ ఇటూ చెదురుతాయి గానీ ఇలా రెండు గుంపులుగా విడిపోతాయా?

పోనీ ఆ 1127 నిజమే అనుకుందాం. 830తో పోలిస్తే బుల్లెట్ శక్తి 80 శాతానికి పైగా పెరిగినట్టు, దెబ్బ చేతికి స్పష్టంగా తెలియాలి, ఖాళీ షెల్ ఇంకా దూరం ఎగిరి పడాలి. అవేవీ జరగలేదు, షెల్స్ అన్నీ ఒకేచోట పడ్డాయి. పైగా సామీ .45 ఏసీపీకి పెట్టిన ప్రెషర్ హద్దు చదరపు అంగుళానికి 21,000 పౌండ్లు. ఆ హద్దులో ఉంటూ 230 గ్రెయిన్ల బుల్లెట్‌ని ఇంత పొట్టి బ్యారెల్ నుంచి 1127తో పంపడం కుదరని పని.

ఇప్పుడు ఆ అంకెల్నే ఇంకోసారి చూడండి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో శబ్దం వేగం సెకనుకు సుమారు 1125 అడుగులు. అంటే మీ మెషిన్ కొలిచింది నా బుల్లెట్‌ని కాదు, పేలుడు శబ్దాన్ని. బుల్లెట్ శబ్దం కంటే నెమ్మది కాబట్టి 10 అడుగుల దూరానికి శబ్దం దాదాపు 9 మిల్లీసెకన్లలో చేరితే, బుల్లెట్‌కి 12 పడుతుంది. ఆ శబ్దపు అలకి కదిలిపోయే సెన్సర్ బుల్లెట్ రాకముందే గడియారం మొదలుపెట్టి, ఆపేసి, అంకె కూడా వేసేస్తుంది. 9 ఎంఎం పిస్టల్‌లో 115 గ్రెయిన్ల బుల్లెట్లున్న తూటాలతో ఈ తమాషా కనిపించలేదు, ఎందుకంటే అవి దాదాపు శబ్దంతో పాటుగానో కాస్త ముందుగానో వెళ్తాయి. తప్పు జరిగినా అంకె నమ్మేలాగే ఉంటుంది, ఎవరూ పట్టుకోలేరు.

ఇదంతా కాగితం మీద లెక్కే అంటారేమో. గన్‌కీ మెషిన్‌కీ మధ్య, పేలుడు గాలి తగలకుండా, బుల్లెట్ పోయేంత రంధ్రం చేసిన ప్లైవుడ్ పలక నిలబెట్టాను. పెద్ద అంకెలు మాయమయ్యాయి. పలక తీసేస్తే మళ్ళీ వచ్చాయి. స్నేహితుడి దగ్గరున్న వేరే కంపెనీ క్రోనోగ్రాఫ్‌ని మీదాని వెనకే వరసలో పెడితే, ఒకే షాట్‌కి మీది 1127, అది 829. ఇంకా తూటాలదే తప్పంటే ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుంది.

మీ బాక్స్‌లో వచ్చిన చిన్న కార్డులో "5 అడుగుల దూరంలో పెట్టండి చాలు" అని ఉంది, పూర్తి మాన్యువల్‌లో మాత్రం కనీసం 10 అడుగులట. ఏది నమ్మాలి? నేను 10 దగ్గరే పెట్టాను, అయినా ఇలా వచ్చింది. 15కి జరిపితే తప్పులు తగ్గాయి గానీ పోలేదు. మాన్యువల్‌లో పేలుడు అల గురించి ఒక్క ముక్క కూడా లేదు, ఎండ, నీడ, ఎల్‌ఈడీ లైట్ల గురించి మాత్రం రెండు పేజీలు రాశారు.

ఇది చిన్న చిరాకు కాదు. సొంతంగా తూటాలు లోడ్ చేసుకునే మనిషి మీ తప్పుడు పెద్ద అంకె చూసి, లోడ్ ఎక్కువైందనుకుని పౌడర్ మరీ తగ్గించేశాడనుకోండి, బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుపోవచ్చు. అది గమనించకుండా తర్వాతి షాట్ కొడితే బ్యారెల్ పగిలిపోవచ్చు. అనుమానంగా ఉన్నప్పుడు మెషిన్ "ఎర్రర్" అని చూపిస్తే ఎవరికీ ఏ నష్టమూ లేదు, ధీమాగా తప్పు అంకె వేయడమే ప్రమాదం.

నాకు కావలసింది ఇదీ. ఈ మెషిన్ తీసుకుని, పేలుడు అలకి ట్రిగ్గర్ కాదని మీరు స్వయంగా పరీక్షించిన దాన్ని పంపండి, లేదా డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి. రెండు వైపులా రవాణా ఖర్చు మీదే. ఆ కార్డులో 5 అడుగుల మాట సరిచేసి, ఇప్పటికే కొన్నవాళ్ళందరికీ మెయిల్ పెట్టండి. రెండు మెషిన్ల రీడింగులు పక్కపక్కన కనిపించే ఫోటోలు, పలక పెట్టినప్పుడూ తీసినప్పుడూ వచ్చిన పూర్తి రీడింగులు దీనితో జతచేశాను. ఈసారి రెడీమేడ్ జవాబు పంపితే వినియోగదారుల ఫోరంకి వెళ్తాను.

ఇట్లు,
మీ కస్టమర్