తలనొప్పి అని చెప్పినా వినలేదు, మా పాపకు తప్పు పవర్ కళ్ళజోడు ఇచ్చారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నేను తెనాలిలో టైలరింగ్ షాపు నడుపుతాను. ఆగస్టు రెండో ఆదివారం మా వీధి చివర కల్యాణ మండపంలో మీ కంపెనీ వాళ్ళు ఉచిత కంటి పరీక్షల క్యాంపు పెట్టారు. అక్కడ పదో తరగతి చదివే మా పాపకు పరీక్ష చేసి, రెండు కళ్ళకూ మైనస్ 0.75 అని రాసి, 3,550 రూపాయలు తీసుకుని కళ్ళజోడు ఇచ్చారు. ఆ పవర్ తప్పు. పావు పాయింటు అటూ ఇటూ అయితే ఇంత రాసేదాన్ని కాదు. పాపకు కావాల్సింది ప్లస్ అయితే, దూరం కనపడనివాళ్ళకు ఇచ్చే మైనస్ మీరు ఇచ్చారు. మీ కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేసి మొత్తుకున్నా పట్టించుకోలేదు కాబట్టి ఈసారి మొదటి నుంచీ రాసి పంపుతున్నాను, చివరిదాకా చదవండి.

పాపకు తలనొప్పి జూన్ చివర్లో మొదలైంది. పొద్దున లేచేటప్పుడు బాగానే ఉండేది. స్కూలు నుంచి వచ్చి ట్యూషన్‌కి వెళ్ళి, మళ్ళీ పుస్తకం ముందు కూర్చునే సరికి కనుబొమ్మల పైన, కణతల దగ్గర లాగుతోందని పట్టుకుని కూర్చునేది. ఆదివారం పెద్దగా ఉండేది కాదు, అదే ఆదివారం కూర్చుని రికార్డు రాస్తే మాత్రం వచ్చేసేది. మేం అందరం పదో తరగతి టెన్షన్ అనుకున్నాం. అమృతాంజనం రాసుకుని పడుకునేది. మా అత్తయ్య శొంఠి అరగదీసి పట్టు వేశారు, దిష్టి కూడా తీశారు. చదవడం తప్పించుకోవడానికి వంక పెడుతోందేమో అని నేను రెండుసార్లు గట్టిగా తిట్టాను కూడా, ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. కళ్ళ మీద అనుమానం ఎందుకు రాలేదంటే, పాపకు బోర్డు బాగా కనిపిస్తుంది, బస్సు మీద పేరు నాకంటే ముందు తనే చదువుతుంది. దూరం కనపడకపోతేనే సైట్ అని మాకు తెలిసింది అంతే.

మీ క్యాంపుకు తీసుకొచ్చింది ఆ తలనొప్పి కోసమే. అక్కడ పరీక్ష చేసే మీ అబ్బాయికి కూర్చోగానే చెప్పాను, పాపకు రోజూ సాయంత్రం తలనొప్పి వస్తోంది, అది కళ్ళ వల్లేమో చూడండి అని. అతను ఆ మాట ఎక్కడా రాసుకోలేదు. ఎప్పుడు వస్తోంది, ఎక్కడ వస్తోంది, వాంతులు అవుతున్నాయా, ఒకటి రెండుగా కనిపిస్తున్నాయా, ఏమీ అడగలేదు. మెషీన్‌లో గడ్డం పెట్టించి కనపడే బొమ్మ వైపు చూడమన్నాడు, చిన్న చీటీ వచ్చింది, దాన్ని బట్టి అద్దాలు మార్చి "ఇప్పుడు క్లియరా" అన్నాడు, పాప క్లియర్ అంది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత ఫ్రేములు చూపించడానికి మాత్రం అరగంట కూర్చోబెట్టారు. తలనొప్పి ఫోన్ వెలుగు వల్లే అని చెప్పి నీలి వెలుగును ఆపే బ్లూ కట్ లెన్స్ అని ఇంకో 700 వేశారు. పాపకు సొంత ఫోన్ లేదు, నా ఫోన్‌లో రోజుకు అరగంట చూస్తే ఎక్కువ, ఆ సంగతి చెప్పినా సరే ఉంటే మంచిదే మేడమ్ అన్నాడు. ఆ బ్లూ కట్ గురించి మా తమ్ముడు తర్వాత చదివి చెప్పాడు. 2023లో వైద్య పరిశోధనలను పరిశీలించే కొక్రేన్ సంస్థ వాళ్ళు 17 ప్రయోగాల ఫలితాలు కలిపి చూస్తే, కంప్యూటర్ వాడేవాళ్ళ కంటి అలసట విషయంలో మామూలు అద్దాలకూ వీటికీ కనీసం ఆ కొద్దికాలంలో పెద్దగా తేడా ఏమీ కనపడలేదట. అలాంటిదాన్ని తలనొప్పికి మందులాగా అమ్మారు మాకు.

కళ్ళజోడు పెట్టుకున్న వారానికి తలనొప్పి ఇంకా పెరిగింది. ఇదివరకు సాయంత్రం వచ్చేది మధ్యాహ్నం మూడో పీరియడ్ కల్లా రావడం మొదలైంది. పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోతున్నాయనేది, ఒకే లైను రెండుసార్లు చదివేది. వారం రోజులకే మీకు ఫోన్ చేశాను. కొత్త కళ్ళజోడు కదా, రెండు వారాలు అలవాటు పడాలన్నారు. రెండు వారాలు ఆగి మళ్ళీ చేస్తే బోర్డు బాగా కనిపిస్తోందా అని అడిగారు, కనిపిస్తోంది అన్నాను, అయితే పవర్ కరెక్టే, ఫోన్ తగ్గించమనండి అన్నారు. మూడోసారి చేస్తే వాపసు తీసుకునే 14 రోజుల గడువు అయిపోయిందన్నారు. మొదటిసారి ఏడో రోజునే చేశాను కదా, ఆగమన్నది మీరే కదా అంటే జవాబు లేదు. నాలుగోసారి తర్వాతి కొనుగోలు మీద 20 శాతం తగ్గింపు కూపన్ పంపారు. మాకు కూపన్ అక్కర్లేదు, ఆ కళ్ళజోడు ఒకసారి వెనక్కి తీసుకుని పాప కళ్ళు మళ్ళీ చూసి ఉంటే చాలు.

దసరా ముందు పరీక్షల్లో పాప లెక్కల పేపరు సగంలో తల పట్టుకుని డెస్క్ మీద పడుకుందని స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు నిజంగా భయం వేసింది. గుంటూరు తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించాం, మేం తలకు స్కాన్ తీయించమని అడుగుదామనే వెళ్ళాం. ఆయన అన్నీ అడిగి, పొద్దున లేవగానే ఉండదు, చదివితే వస్తుంది, సెలవు రోజు తగ్గుతుంది అంటున్నారు కదా, ముందు కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళండి, చుక్కలు వేసి చూడమనండి అన్నారు. మేం కళ్ళజోడు ఉందండీ అంటే, దాన్ని కూడా పట్టుకెళ్ళండి అన్నారు.

కళ్ళ ఆసుపత్రిలో మీ కళ్ళజోడును ఒక మెషీన్ మీద పెట్టి పవర్ చూశారు. తర్వాత మీ చీటీ అడిగారు. నేను పర్సులో దాచి ఉంచాను కాబట్టి సరిపోయింది. అందులో కుడి కంటికి మూడు అంకెలున్నాయి, మైనస్ 0.50, మైనస్ 1.25, మైనస్ 0.75. డాక్టరమ్మ అది చూసి, ఒకే కన్ను ఒకే నిమిషంలో ఇలా మూడు రకాలుగా గెంతుతోందంటే లోపలి కండరం బిగుసుకుని ఉందని అర్థం, పిల్లల్లో ఇది మామూలే, ఇక్కడ ఆగి ఆలోచించాలి అన్నారు. మీ అబ్బాయి మాత్రం ఆగలేదు. పాప కళ్ళలో కొన్ని నిమిషాలకోసారి చుక్కల మందు వేసి, గంటసేపు కూర్చోబెట్టి, కండరం సడలాక చూస్తే కుడి కన్ను ప్లస్ 2.50, ఎడమ కన్ను ప్లస్ 2.25 వచ్చింది. కంటి వెనక నరం కూడా చూసి అక్కడ ఏ ఇబ్బందీ లేదన్నారు. తలనొప్పులన్నీ కళ్ళ వల్ల రావు, అందుకే అది కూడా చూడాలట. మూడు రోజుల తర్వాత మందు ప్రభావం పోయాక మళ్ళీ రమ్మని, ఒక్కసారిగా పూర్తి పవర్ ఇస్తే కన్ను ఒప్పుకోదని కొంచెం తగ్గించి ప్లస్ 1.75, ప్లస్ 1.50 రాశారు.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ప్లస్ పవర్ ఉన్న పిల్లల్లో కనుగుడ్డు మామూలుకంటే కొంచెం పొట్టిగా ఉంటుంది, వెలుగు కంటి లోపలి తెర, అంటే రెటీనా మీద కలవకుండా దాని వెనక కలుస్తుంది. దాన్ని ముందుకు లాగడానికి కంటి లోపలి కండరం బిగుసుకుని, కంట్లో ఉండే లెన్స్ ఉబ్బేలా చేస్తుంది. చిన్న వయసులో ఆ లెన్స్ మెత్తగా ఉండి సులువుగా ఉబ్బుతుంది కాబట్టి దూరం చక్కగా కనిపిస్తుంది, బోర్డు పరీక్షలో పాసైపోతారు. కాని ఆ కండరానికి విశ్రాంతి ఉండదు. మామూలు కన్నుకు దూరం చూసేటప్పుడు కష్టం లేదు, 33 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం చదివేటప్పుడు 3 డయాప్టర్ల (కళ్ళజోడు పవర్ కొలిచే లెక్క) పని పడుతుంది. మా పాపకు అదే పుస్తకానికి కళ్ళజోడు లేకుండానే అయిదున్నర పడుతోంది. మీ మైనస్ 0.75 పెట్టుకుంటే ఆరుంపావు. అంటే తలనొప్పి తగ్గిస్తుందని మేం కొన్న కళ్ళజోడు, ఆ పిల్ల కంటి మీద ఉన్న బరువుకు ఇంకాస్త బరువు చేర్చింది, రోజంతా, పది వారాలు.

నాకు ఇది బాగా అర్థమైంది, ఎందుకంటే పెళ్ళిళ్ళ సీజన్‌లో నేను రోజంతా కత్తెర పట్టి గుడ్డ కత్తిరిస్తే సాయంత్రానికి బొటనవేలి మొదలు నుంచి మోచేయి దాకా లాగేస్తుంది. చుక్కల సంగతి కూడా అంతే. కొలత ఇచ్చేటప్పుడు చిన్నపిల్లలు కడుపు లోపలికి బిగబట్టి నిలబడతారు, టేపు ఎంత సరిగ్గా పెట్టినా ఆ కొలత తప్పే. అందుకే మేం కబుర్లు చెప్పి, ఊపిరి వదిలాక మళ్ళీ కొలుస్తాం. మీ మెషీన్ మంచిదే కావచ్చు. పాప కన్ను బిగబట్టి ఉన్నప్పుడు కొలిచారు, దాని మీదే కుట్టి ఇచ్చేశారు. నా దగ్గర కుట్టించుకున్న జాకెట్టు బిగుతుగా ఉందని వస్తే నాలుగు రోజుల్లో వదులవుతుందిలే అని పంపించను, విప్పి చూస్తాను.

బోర్డు బాగా కనిపిస్తోందా అన్న మీ ఒక్క ప్రశ్న గురించి చెప్పాలి. పిల్లలకు తప్పు మైనస్ పెట్టినా క్లియర్‌గానే కనిపిస్తుంది, కండరం బిగించి సర్దుకుంటారు కాబట్టి. ఇంకా నల్లగా, ఖచ్చితంగా కనిపిస్తున్నట్టు కూడా అనిపిస్తుందట. అందుకే పాప మీ అబ్బాయికి క్లియర్ అని చెప్పింది, అబద్ధం చెప్పలేదు. ఫోన్ తీసిన మీవాళ్ళు బోర్డు గురించి కాకుండా చదివేటప్పుడు తలనొప్పి తగ్గిందా పెరిగిందా అని అడిగి ఉంటే మొదటి ఫోన్‌లోనే విషయం బయటపడేది.

కొత్త కళ్ళజోడు వేసి మూడు వారాలైంది. మొదటి నాలుగు రోజులు దూరం కొంచెం మసకగా ఉందంది, అలా ఉంటుందని, కండరం నెమ్మదిగా వదులుతుందని డాక్టరమ్మ ముందే చెప్పారు. రెండో వారానికి తలనొప్పి రోజు విడిచి రోజుకు తగ్గింది, పోయిన వారం ఒక్కరోజే వచ్చింది. నిన్న రాత్రి తొమ్మిదిన్నర దాకా సోషల్ చదివి, అమృతాంజనం సీసా అడగకుండా లేచి అన్నం తింది. ఆ సీసా ఆ రోజు టీవీ స్టాండ్ మీదే ఉంది, మా అత్తయ్య కూడా గమనించారు.

ఇక మీరు చేయాల్సింది. కళ్ళజోడుకు మీరు తీసుకున్న 3,550, డాక్టర్ల ఫీజులు, మందులు, గుంటూరు ప్రయాణాలు కలిపి 2,650, మొత్తం 6,200 రూపాయలు తిరిగి ఇవ్వండి. కొత్త కళ్ళజోడు ఖర్చు అడగడం లేదు, అది పాపకు ఎలాగూ కావాల్సిందే. బిల్లులు, మీ చీటీ, ఆసుపత్రి కాగితాలు, నేను ఫోన్ చేసిన తేదీలు అన్నీ జత చేశాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తాను, అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు కూడా లేదని కనుక్కున్నాను.

డబ్బుతో నా ఫిర్యాదు తీరదు. పిల్లలకు మెషీన్ చీటీ చూసి కళ్ళజోడు రాయడం ఆపండి. తలనొప్పి అని చెప్పిన పిల్లలకు మీ క్యాంపుల్లో ఫ్రేము చూపించకండి, చుక్కలు వేసి చూసే కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళమని కాగితం మీద రాసి ఇవ్వండి. ఫోన్ తీసేవాళ్ళకు కూడా చెప్పండి, కళ్ళజోడు పెట్టాక తలనొప్పి పెరిగిందని తల్లి చెప్తే అలవాటు పడమనకూడదు, కళ్ళజోడు వెనక్కి పిలిపించి పవర్ చూడాలి.

ఇంకొకటి, అన్నిటికంటే తొందరైనది. ఆ ఆదివారం మా పాప వెనక వరసలో ఇంకో ఆరుగురు పిల్లలున్నారు, అందరికీ అదే అబ్బాయి అదే మెషీన్‌తో చూశాడు, నలుగురికి కళ్ళజోళ్ళు ఇచ్చారు. వాళ్ళలో ఒకడు మా ఎదురింటి బాబు, ఏడో తరగతి, సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని హోంవర్క్ చేస్తూ కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకుంటున్నాడు. వాళ్ళమ్మకు చెప్పాను, ఈ శనివారం చూపిస్తామన్నారు. మిగతా ముగ్గురు ఎవరో నాకు తెలియదు. వాళ్ళ ఫోన్ నంబర్లు ఆ రోజు మీరే రాసుకున్నారు. నా డబ్బు సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు వాళ్ళకు ఫోన్ చెయ్యండి.

ఇట్లు,
మీ క్యాంపులో కళ్ళజోడు కొన్న పాప తల్లి,
తెనాలి